గిటార్ షాపుకు వెళ్లి వచ్చాక మొదలైన హమ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఎలక్ట్రిక్ గిటార్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే పనిలో ఉన్న నాకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "అన్నా, షాపుకు ఇచ్చేముందు ఇంత సద్దు లేదు, ఇప్పుడు వాయించకపోయినా గుయ్యిమంటా ఉండాది." చర్చి బృందాల్లో వాయించేవారు, యూనివర్సిటీ విద్యార్థులు, గంగమ్మ జాతర రోజుల్లో రాత్రంతా కచేరీలు చేసే ఆర్కెస్ట్రా కళాకారులు, ఎవరు వచ్చినా గిటార్‌తోపాటు ఆ శబ్దానికి కారణం ఇదేనంటూ ఒక నమ్మకాన్ని కూడా మోసుకొస్తారు. చాలాసార్లు గిటార్ కంటే ముందు ఆ నమ్మకాన్నే విప్పి చూడవలసి వస్తుంది.

వినిపిస్తున్నది ఏ శబ్దమో ముందుగా గుర్తుపట్టాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టుల ఏసీ, దాని ఆవృత్తి 50 హెర్ట్జ్. ఆ 50 గానీ, దానికి రెట్టింపైన 100 గానీ గుండ్రంగా, లోతుగా వినిపిస్తే దానిని హమ్ అంటాము. మామూలు శ్రుతిలో ఉన్న గిటార్‌పై అన్నిటికంటే లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే వచ్చే స్వరం 98 హెర్ట్జ్. మీ గిటార్ చేస్తున్న రొద దాదాపు ఆ స్వరంతోనో, దాని కింది స్థాయి స్వరంతోనో కలిసిపోతున్నట్లయితే అది కరెంటు నుంచి వచ్చినదే. తుమ్మెద రెక్కల్లాగా పదునుగా, జుయ్యిమని గీరినట్లు వినిపించేదాన్ని బజ్ అంటాము. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు కూడా వేరు.

అపోహ: షాపు నుంచి తెచ్చాకే రొద మొదలైంది కనుక తప్పు షాపువాళ్లదే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. జాక్ (కేబుల్ దూర్చే రంధ్రం) మార్చినా, పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చినా, బ్రిడ్జ్ (తీగల కింది కొసలు ఆనే లోహపు ముక్క) విప్పి బిగించినా లోపలి వైర్లలో ఒకటి ఊడిపోవడానికీ, తప్పు చోట అతకడానికీ అవకాశం ఉంటుంది. అయితే గిటార్ షాపులో ఉన్న ఆ పది రోజుల్లో ఇంట్లో కొత్త ఎల్‌ఈడీ బల్బులు వేసి ఉండవచ్చు, ఫ్యాన్ రెగ్యులేటర్ మారి ఉండవచ్చు. నాబును తిప్పేకొద్దీ వేగం మెల్లగా మారే రెగ్యులేటర్లలో ఉండే ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ కరెంటు తరంగాన్ని మధ్యలో కోస్తుంది, ఆ కోత దగ్గర పుట్టే పదునైన అలలే గిటార్‌లో బజ్‌గా వినిపిస్తాయి. ఒకటి, రెండు, మూడు అని మెట్లు మెట్లుగా మారే రెగ్యులేటర్లలో ఎక్కువభాగం కెపాసిటర్లతో పనిచేస్తాయి కనుక ఆ బాధ పెట్టవు. అందువల్ల షాపువాళ్లతో మాటకు దిగేముందు అదే గదిలో, అదే కేబుల్‌కు, అదే యాంప్‌కు స్నేహితుని గిటార్ ఒకటి తగిలించి వినండి. తరువాత మీ గిటార్ వాల్యూమ్‌ను పూర్తిగా సున్నాకు తగ్గించండి. చాలా గిటార్లలో వాల్యూమ్ సున్నాకు చేరినప్పుడు సిగ్నల్ వైరు ఎర్త్‌తో కలిసిపోతుంది కనుక రొద కూడా ఆగిపోవాలి. సున్నాలో కూడా అది ఆగకపోతే లోపం పికప్‌లో కాదు. జాక్‌లోనో, కేబుల్‌లోనో, యాంప్‌లోనో, వాల్యూమ్ కంట్రోల్ ఎర్త్ కాలు దగ్గరి టంకంలోనో వెతకాలి.

అపోహ: తీగలను తాకితే రొద ఆగుతోందంటే గిటార్‌లో ఎర్త్ లేదు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

నా దగ్గరకు వచ్చే భయాలలో ఇది అన్నిటికంటే విస్తారమైనది, వాస్తవం దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. గదిలోని వైర్ల నుంచి వెలువడే విద్యుత్ క్షేత్రాన్ని మన శరీరం యాంటెన్నాలాగా పట్టుకుంటుంది, గిటార్‌ను ఒడిలో పెట్టుకున్న మనిషి ఆ రొదను పికప్‌లకూ వైర్లకూ అతి సమీపానికి తీసుకువస్తాడు. అందుకే తయారీలోనే బ్రిడ్జ్ నుంచి లోపలికి ఒక సన్నని వైరు వేసి, తీగలను గిటార్ ఎర్త్‌కు కలుపుతారు. చెయ్యి తీగపై పడగానే శరీరం కూడా ఆ ఎర్త్‌తో ఒకటవుతుంది, రొద తగ్గుతుంది. కాబట్టి తాకితే ఆగడం ఎర్త్ ఉందనడానికి గుర్తు. అయినా తాకనప్పటి రొద మరీ ఎక్కువగా ఉందనుకుంటే లోపలి గుంతలకు షీల్డింగ్, అంటే రొదను అడ్డుకునే రేకు గానీ పెయింట్ గానీ, వేయించుకోవచ్చు.

చూడవలసింది మిగిలిన రెండు సందర్భాలను. తాకినా తాకకపోయినా రొదలో ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్ వైరు ఊడిపోయి ఉంటుంది. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం గిటార్లలో అది వెనుకవైపు గుంతలో, స్ప్రింగులు పట్టుకునే పంజా లాంటి ఇనుప ముక్కకు అతికి ఉంటుంది. ఆ ముక్క వేడిని పీల్చేస్తుంది కనుక చిన్న ఐరన్‌తో పెట్టిన టంకం పైకి మెరుస్తున్నా లోపల పట్టు ఉండదు. బ్రిడ్జ్ విడిగా మరమేకుల వంటి స్టడ్లపై నిలిచే గిటార్లలోనైతే ఆ వైరు కొసను స్టడ్ రంధ్రంలో నొక్కి పెడతారు, బ్రిడ్జ్ మార్చినప్పుడు అది చప్పుడు లేకుండా వెనక్కు జారిపోతుంది. ఈఎంజీ కంపెనీవి వంటి యాక్టివ్ (బ్యాటరీతో పనిచేసే) పికప్‌లు ఉన్న గిటార్లలో బ్రిడ్జ్ వైరును కావాలనే కలపకుండా వదిలేస్తారు కనుక, వాటిలో ఆ వైరు లేకపోవడం లోపం కాదు.

మూడో సందర్భం మరీ స్పష్టమైనది. తీగను తాకగానే రొద పెరిగితే జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారయ్యాయని నిస్సందేహంగా అనుమానించవచ్చు. కేబుల్ మొన తగిలే టిప్‌కు సిగ్నల్ వైరు, బయటి గొట్టం తగిలే స్లీవ్‌కు ఎర్త్ వైరు చేరాలి. అవి తిరగబడినా గిటార్ పలుకుతుంది, ఎందుకంటే సిగ్నల్ కూడా ఏసీయే. షాపులో హడావుడిగా రెండు తీగలు మీటి చూసినవారికి తేడా తెలియదు. కాని తీగలు, బ్రిడ్జ్, కంట్రోళ్ల లోహపు తొడుగులు అన్నీ యాంప్ ఇన్‌పుట్‌కు నేరుగా తగులుకొని, గిటార్ మొత్తం ఒక పెద్ద యాంటెన్నా అయిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను స్వయంగా ఇలా ఒక జాక్‌ను తిరగేసి అతికాను. ఆ గిటార్ యజమాని చిత్తూరు నుంచి మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది, సరిచేయడానికి మూడు నిమిషాలు పట్టింది, క్షమాపణ చెప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. అప్పటి నుంచి జాక్ అతికిన ప్రతి గిటార్‌నూ తీగలు తాకి, వదిలి, మళ్లీ తాకి విన్న తరువాతే చేతికిస్తున్నాను.

అపోహ: లోపల రాగి రేకు అతికిస్తే ఏ రొదైనా పోతుంది.

వాస్తవం: రాగి రేకు గానీ, కార్బన్ కలిపిన నల్లని పెయింట్ గానీ విద్యుత్ క్షేత్రాన్ని అడ్డుకుంటాయి, అంటే బజ్‌ను తగ్గిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం మాత్రం ఆ పలుచని రేకు గుండా గాలిలో నుంచి వెళ్లినంత సులువుగా వెళ్లిపోతుంది, ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ దానిని పట్టుకొని హమ్‌గా మారుస్తుంది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి కుర్చీలో కూర్చొని గిటార్‌తో సహా మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిశలో రొద బాగా తగ్గి మరొక దిశలో పెరుగుతుంటే అది అయస్కాంత హమ్. యాంప్‌కు రెండు మూడు మీటర్ల దూరం జరగడం రేకు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. రేకు వేయించుకున్నవారు అది ఎర్త్‌కు కలిసిందో లేదో తప్పక చూసుకోవాలి, కలపని రేకు వల్ల ప్రయోజనం ఉండదు. వంటింటి అల్యూమినియం రేకు వాడినవారిని కూడా చూశాను, దానికి మామూలు టంకం అంటదు. రేకు అంచు జాక్‌లోని సిగ్నల్ కాలుకు తగిలితే మూత బిగించగానే గిటార్ మూగబోతుంది, మూత తీయగానే పలుకుతుంది. ఆ లక్షణాన్ని చూసి గిటార్‌కు ఏదో పట్టిందని నమ్మినవారు లేకపోలేదు.

అపోహ: హంబకర్ పికప్‌లో హమ్ రాకూడదు, వచ్చిందంటే నకిలీ పికప్ వేశారు.

వాస్తవం: హమ్‌ను చంపడానికే హంబకర్ పుట్టింది. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ 1955లో దీని పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1959లో అది మంజూరైంది. ఇందులో రెండు కాయిల్స్ ఉంటాయి. వాటి అయస్కాంత ధ్రువాలు ఒకదానికొకటి వ్యతిరేకం, కరెంటు పారే దిశ కూడా వ్యతిరేకం. తీగ కంపనానికి రెండు వ్యతిరేకాలూ కలిసి అనుకూలమవుతాయి, బయటి నుంచి వచ్చే హమ్‌కు మాత్రం ఒక వ్యతిరేకమే వర్తిస్తుంది కనుక అది తనను తాను కొట్టేసుకుంటుంది. ఈ లెక్క నిలబడాలంటే రెండు కాయిల్స్ సరైన వరుసలో కలవాలి, పికప్ మార్పించుకున్నవారికి తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే.

నాలుగు వైర్ల పికప్‌లలో రంగుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది. సీమోర్ డంకన్ పద్ధతిలో నలుపు సిగ్నల్, ఎరుపు తెలుపు కలిసి ఉంటాయి, ఆకుపచ్చ ఎర్త్‌కు వెళుతుంది. డిమార్జియో పద్ధతిలో ఎరుపు సిగ్నల్, నలుపు తెలుపు కలిసి ఉంటాయి, ఆకుపచ్చ ఎర్త్‌కు వెళుతుంది. డిమార్జియో పికప్‌ను పొరపాటున డంకన్ రంగుల ప్రకారం అతికితే ఒక కాయిల్ తిరగబడుతుంది, అప్పుడు కొట్టేసుకోవలసిన హమ్ రెట్టింపవుతుంది, కలవవలసిన నాదం సన్నగా, ముక్కుతో పాడినట్లు అయిపోతుంది. రొద పెరగడం, నాదం పలుచబడడం ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే పికప్‌ను నిందించకుండా రంగులను చూడమని షాపువారికి చెప్పండి.

ఇలాంటిదే టెలీకాస్టర్ రకం గిటార్లలో మెడ వైపు పికప్ సంగతి. దాని లోహపు కవచం చాలావరకు పికప్ ఎర్త్ వైరుకే కలిసి ఉంటుంది. రెండు పికప్‌లు కలిపి వాయిస్తే నాదం పలుచగా ఉందని ఎవరైనా మెడ వైపు పికప్ వైర్లను తిరగేస్తే నాదం సరిపోతుంది గానీ కవచం సిగ్నల్ వైపుకు చేరి, వేలు తగిలిన ప్రతిసారీ రొద పెడుతుంది. కవచానికి ఉన్న లంకెను తెంచి దానికి విడిగా ఎర్త్ వైరు వేసిన తరువాతే ఆ మార్పు చేయాలి. స్ట్రాట్ రకంలో అయితే నడిమి పికప్‌ను వ్యతిరేకంగా చుట్టి ఉన్నప్పుడు స్విచ్ రెండు, నాలుగు స్థానాలలో హమ్ ఉండదు; ఆ ఒక్క పికప్‌ను మామూలుదానితో మార్చిన నాడు ఆ నిశ్శబ్దం కూడా దానితోపాటే వెళ్లిపోతుంది.

అపోహ: యాంప్ ప్లగ్‌లోని లావు పిన్ను తీసేస్తే హమ్ పోతుంది.

హమ్ కొన్నిసార్లు నిజంగానే పోతుంది, అందుకే ఈ సలహా చావడం లేదు. యాంప్, మిక్సర్ వంటి రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు చేరి, వాటి మధ్య సిగ్నల్ కేబుల్ కూడా ఉంటే ఆ వలయంలో చిన్న కరెంటు తిరుగుతూ హమ్ పుడుతుంది. పిన్ను తీస్తే వలయం తెగుతుంది, దానితోపాటు మీ ప్రాణానికి ఉన్న రక్షణ కూడా తెగుతుంది. మీ తీగలు గిటార్ ఎర్త్‌కు కలిసి ఉంటాయని పైన చెప్పాను, ఆ ఎర్త్ కేబుల్ గుండా యాంప్ లోహపు పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టెలోకి కరెంటు లీకైన రోజున మీరు పెదవితో మైకును తాకితే కరెంటు మీ గుండా దారి చూసుకుంటుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే వేదికపై ఎర్త్ సరిగా లేని మైకును తాకి మరణించాడు. వలయాన్ని తెంచాలంటే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు అందించే చిన్న పెట్టె) వాడాలి, అది సిగ్నల్ కేబుల్‌లోని ఎర్త్‌నే విడదీస్తుంది, ప్లగ్ ఎర్త్ జోలికి పోదు. అన్ని పరికరాలనూ ఒకే బోర్డుకు తగిలించడం అంతకంటే చవకైన మార్గం. మన ప్రాంతంలో ఎండలు ముదిరాక నేల ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది కనుక, ఇంటి ఎర్త్ గుంటలో నీళ్లు పోయడం మరువకండి. కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఒకటి పెట్టించుకోవడం కూడా అవసరమే.

అపోహ: నాయిస్ గేట్ పెడల్ కొంటే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: మీరు వాయించనప్పుడు అది తలుపు మూస్తుంది, వాయించగానే తెరుస్తుంది, నాదంతోపాటు హమ్ కూడా బయటికి వస్తుంది.

అపోహ: గిటార్ విప్పితే తప్ప లోపం తెలియదు.

వాస్తవం: సాధారణ పికప్‌లున్న గిటార్‌ను షాపు నుంచి తీసుకునేటప్పుడే, ఒక్క స్క్రూ విప్పకుండా, ఒక మామూలు మల్టీమీటర్‌తో చాలా సంగతులు తేల్చుకోవచ్చు. కేబుల్‌ను గిటార్‌కు తగిలించి, రెండో కొసలోని స్లీవ్‌పై ఒక మొన, బ్రిడ్జ్‌పై ఇంకొక మొన ఉంచితే ఒకటి రెండు ఓమ్‌లకు మించి చూపకూడదు. కోటింగ్ ఉన్న తీగలపై మొన సరిగా ఆనకపోవచ్చు కనుక బ్రిడ్జ్‌నే ఎంచుకోండి. అలా కాక స్లీవ్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య వేల ఓమ్‌లు చూపించి, స్లీవ్‌పై మొనను టిప్‌పైకి మార్చగానే సున్నా చూపిస్తే జాక్ తిరగబడినట్లే. తరువాత వాల్యూమ్‌నూ టోన్‌నూ పూర్తిగా పెంచి, టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య ఒక్కొక్క స్విచ్ స్థానంలో కొలవండి. స్ట్రాట్ రకం సింగిల్ కాయిల్ అయితే 6 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల, పాతకాలపు తీరులో చుట్టిన హంబకర్ అయితే 8 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల కనిపిస్తుంది; వాల్యూమ్ కంట్రోల్ కూడా లెక్కలో కలుస్తుంది కనుక పికప్ పెట్టెపై రాసిన అంకె కంటే కొంచెం తక్కువ రావడం సహజమే. 8 రావలసిన చోట 4 వచ్చిందంటే ఒక కాయిలే పనిచేస్తోంది, ఆ హంబకర్ సింగిల్ కాయిల్ లాగే హమ్ చేస్తుంది. ఆ అంకెలను బిల్లు వెనుకే రాసుకోండి, మళ్లీ రొద వచ్చిన రోజున షాపువారికి చూపించడానికి అవి పనికివస్తాయి.