జర్మనీ కరెంటు బిల్లు: తప్పు గాలిమరలదేనా?

జర్మనీలో కరెంటు కొనుగోళ్ల లెక్కలు చూడటం నా పని. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట: “సోలార్‌కి సబ్సిడీలిచ్చి బిల్లులు పెంచుకున్నారటగా!”

అపోహ: సర్‌ఛార్జీ ఎంత పెరిగితే బిల్లు అంత పెరిగినట్టే.

వాస్తవం: 2000 నాటి చట్టం గాలి, సౌర విద్యుత్తుకు 20 ఏళ్లపాటు ఒక ధర ఖాయం చేసింది. మార్కెట్లో వచ్చినదానికీ ఆ ధరకూ ఉన్న తేడాను బిల్లుల్లో సర్‌ఛార్జీగా వసూలు చేసేవారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లు (సెంటంటే యూరోలో నూరో వంతు). భారమే, కాదనను.

కానీ మెలిక ఉంది. మార్కెట్లో కరెంటు కొనేటప్పుడు చవక ప్లాంటుతో మొదలుపెట్టి ఖరీదైనదాని వైపు వెళ్తారు. అవసరం తీరేచోట చివరి ప్లాంటు అడిగిన ధరే అందరికీ. గాలికి, ఎండకి ఇంధన ఖర్చు లేదు కాబట్టి అవి వరస ముందు చేరి, చివరనున్న గ్యాస్ ప్లాంటును బయటికి నెడతాయి. టోకు ధర పడుతుంది. పడేకొద్దీ తేడా పెరిగి సర్‌ఛార్జీ ఉబ్బుతుంది! జనానికి కనిపించేది ఈ రెండోదే.

2021లో ఇది తిరగబడింది. గ్యాస్ కొరతతో టోకు ధర మండిపోయింది, 2022కి సర్‌ఛార్జీ 3.72 సెంట్లకు దిగింది. జూలై నుంచి ప్రభుత్వం దాన్ని సున్నా చేసి, ఖర్చును ఖజానాకు మార్చింది. బిల్లులు తగ్గాయా? లేదు.

నాకు కోపం వేరేచోట. కరెంటు విపరీతంగా వాడే పెద్ద ఫ్యాక్టరీలకు సర్‌ఛార్జీ చాలావరకు మినహాయించారు. చవక టోకు ధర వాళ్లకి, సర్‌ఛార్జీ ఇళ్లకి.

అపోహ: కార్బన్ పర్మిట్లు (కార్బన్ డయాక్సైడ్ వదలడానికి టన్ను లెక్కన ఇచ్చే అనుమతులు) ఉచితంగా ఇస్తే కరెంటు ధర పెరగదు.

వాస్తవం: పెరిగింది. యూరప్ 2005లో పర్మిట్ల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ పర్మిట్లు ఉచితమే. పెరట్లో కాసిన కొబ్బరికాయ కదా అని సంతలో ఎవరూ ఊరికే ఇవ్వరు. కంపెనీలూ పర్మిట్ విలువను కరెంటు ధరలో కలిపేశాయి, లాభం జేబులో వేసుకున్నాయి. అందుకే 2013 నుంచి చాలా దేశాల్లో విద్యుత్ కంపెనీలు వేలంలో కొనాల్సి వచ్చింది.

పర్మిట్ భారం అన్ని ప్లాంట్లకూ ఒకటి కాదు. లిగ్నైట్ (నాసిరకం బొగ్గు) ప్లాంటు వెయ్యి యూనిట్లకు సుమారు టన్ను కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. టన్ను పర్మిట్ 80 యూరోలైతే యూనిట్‌కు 8 సెంట్లు. కొత్త గ్యాస్ ప్లాంటుకు అందులో సగం కూడా కాదు.

అపోహ: మన దగ్గరా ఇదే జరుగుతుంది.

వాస్తవం: అంత సూటిగా కాదు. మన డిస్కంలు ఎక్కువ కరెంటు దీర్ఘకాల ఒప్పందాలతో కొంటాయి. కరెంటు ఎక్స్ఛేంజీలో సోలార్ వల్ల మధ్యాహ్నం ధర పడినా ఒప్పందం ధర పడదు. పైగా వాడని థర్మల్ ప్లాంటుకూ స్థిర ఛార్జీలు కట్టాలి.