నెలలు నిండకుండా పుట్టే బిడ్డల ఊపిరి గురించి

పిల్లలూ,

ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు 37 వారాలు నిండకముందే పుట్టేస్తారు, మీలో కూడా అలా పుట్టినవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళకి పెద్ద ఇబ్బంది ఊపిరితోనే. మన ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గాలితిత్తులుంటాయి, వాటి లోపల సర్ఫాక్టెంట్ అనే జారుడు పదార్థం ఉంటుంది, అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ తిత్తులు తడిసిన కవర్ లాగా లోపలికి అతుక్కుపోతాయి, మళ్ళీ తెరుచుకోవాలంటే ఆ పసిబిడ్డ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాలి. 1963లో అమెరికా ప్రెసిడెంట్ కెనెడీ కొడుకు పాట్రిక్ అలాగే ముందే పుట్టి రెండు రోజులు కూడా బతకలేదు, అంతటివాళ్ళకి కూడా అప్పట్లో వైద్యం లేదు.

దారి దొరికింది న్యూజిలాండ్‌లో, అదీ గొర్రెపిల్లల దగ్గర. ఆక్లండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టర్ కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకుందామని కడుపులో ఉన్న గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ అనే మందు ఇచ్చి చూస్తున్నాడు, అంత ముందుగా పుట్టింది బతకకూడదు, కానీ ఒకటి ఊపిరి తీస్తోంది! ఇంకొకరైతే వదిలేసేవాళ్ళేమో, ఈయన వదల్లేదు. హోవీ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి, ముందే కాన్పయ్యేలా ఉన్న తల్లులకి ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) చేసి 1972లో ఫలితాలు ప్రచురించారు, ఇంజెక్షన్ తీసుకోని తల్లుల బిడ్డల్లో మొదటి వారంలోనే నూటికి 15 మంది పోతే, తీసుకున్నవాళ్ళలో 3 మందే.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఏంటంటే, ఇంత తెలిశాక కూడా చాలామంది డాక్టర్లు ఏళ్ళ తరబడి వాడలేదు. వేరేచోట్ల చేసిన ట్రయల్స్ అన్నీ కలిపి లెక్క వేసి చూపించాక, 1994లో అమెరికాలో పెద్ద డాక్టర్లు కూర్చుని ఇవ్వాల్సిందే అన్నారు. ఈలోపు ఎంతమంది పసివాళ్ళు పోయారో కదా.

ఇది కండలు పెంచేవాళ్ళు వాడే స్టెరాయిడ్ కాదు, భయపడకండి. తల్లికి ఇస్తే మాయ (కడుపులో తల్లినీ బిడ్డనీ కలిపే భాగం) దాటి బిడ్డకి చేరి, ఊపిరితిత్తుల్ని త్వరగా సిద్ధం చేస్తుంది, మెదడులో రక్తస్రావం కూడా తగ్గిస్తుంది. ఎక్కువగా 24 నుంచి 34 వారాల మధ్య, వారంలోపే కాన్పయ్యేలా ఉంటే ఇస్తారు, డెక్సామెథసోన్ అనే రకం స్టెరాయిడ్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. అలా అని అందరికీ ఇచ్చేది కాదు, పదేపదే ఇస్తే బిడ్డ బరువు తగ్గొచ్చు, పుట్టాక చూసుకునే ఏర్పాట్లు లేనిచోట మేలు కంటే కీడు జరగొచ్చు కూడా, అందుకే నెలలు సరిగ్గా లెక్కకట్టి, తల్లికి ఇన్ఫెక్షన్ ఉందేమో చూసి మరీ ఇస్తారు.

మీ తాతయ్య