సురేకారం కలిపితే బకెట్ ఎందుకు చల్లబడుతుంది?

మిర్చి మీద కొట్టడానికి 13-0-45 ఎరువు నీళ్ళలో కలిపితే బకెట్ జిల్లుమంటోంది, ఇది నకిలీ సరుకా అని ఒక రైతు అడిగారు. చల్లబడటం దాని గుణమే. అలాగని చల్లబడింది కాబట్టి అసలుదేనని నమ్మడానికీ లేదు, యూరియా కలిపినా అంతే. ఈ 13-0-45 పొటాషియం నైట్రేట్, అంటే సురేకారమే. అక్బరు తాగే నీళ్ళు దీంతోనే చల్లబరిచేవారని ఆయన కొలువు గురించి అబుల్ ఫజల్ రాసిన అయిన్-ఇ-అక్బరీలో ఉంది. తుపాకిమందులో మంట పుట్టించే సరుకుతోనే చల్లటి నీళ్ళు!

ఉప్పు కరగడమంటే వ్యాపారమే. వంట ఉప్పునే తీసుకోండి. ఒక మోల్ (కణాలను లెక్కపెట్టే కొలత), అంటే ఉప్పుకైతే 58.5 గ్రాముల స్ఫటికంలోని అయాన్లను, అంటే విద్యుదావేశమున్న కణాలను, పూర్తిగా విడదీయడానికి దాదాపు 787 కిలోజౌళ్ళ పెట్టుబడి కావాలి. విడిపోయిన అయాన్ల చుట్టూ నీటి అణువులు మూగినప్పుడు 783 దాకా తిరిగొస్తుంది. నష్టం నాలుగే. దాన్ని నీళ్ళు తమ వేడిలోంచి కడతాయి, కాబట్టి చల్లబడతాయి. సురేకారం లెక్కలో మోల్‌కి నష్టం 35. కాస్టిక్ సోడాకి 44 లాభం, అందుకే నీళ్ళు కాగిపోతాయి. థర్మామీటరుకి ఆ జమాఖర్చులేవీ తెలియవు, మిగులూ తరుగూ మాత్రమే తెలుసు. మరి నష్టం వచ్చే బేరం ఎందుకు జరుగుతుందంటే, బారులు తీరిన అయాన్లు చెల్లాచెదురయ్యే వీలు ఉంది కాబట్టి. ప్రకృతి వేడి లెక్క ఒక్కటే చూడదు.

కొలవడానికి థర్మోకోల్ కప్పు చాలు. 100 మి.లీ. నీళ్ళలో 5 గ్రాముల సురేకారం మెత్తగా నూరి వేస్తే ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీలు పడిపోతుంది. 105 గ్రాముల ద్రావణం, గ్రాముకి డిగ్రీకి 4.18 జౌళ్ళు, 4 డిగ్రీలు: మొత్తం 1,750 జౌళ్ళ చిల్లర. 5 గ్రాములంటే 0.05 మోల్, భాగిస్తే 35 కిలోజౌళ్ళు. చిక్కంతా ఆ 4 దగ్గరే. పొడి కరిగేలోపు గది వేడి కప్పులోకి చొరబడుతుంది, కాబట్టి కనిపించిన కనిష్ఠం అసలు కనిష్ఠం కాదు. అర నిమిషానికోసారి రీడింగ్ రాసి గ్రాఫ్ గీసి, తర్వాత పైకి పాకే గీతను పొడి వేసిన క్షణం దాకా వెనక్కి పొడిగించాలి. ప్రాక్టికల్ రికార్డుల్లో జవాబు ముందే రాసుకుని రీడింగులు వెనకనుంచి పుట్టించే పిల్లలు పోగొట్టుకునేది సరిగ్గా ఈ గీతనే.

నాకు మరీ ఇష్టమైనది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. నీలం పలుకులు కరిగితే నీళ్ళు చల్లబడతాయి, మోల్‌కి 11.7 కిలోజౌళ్ళ నష్టం. వాటినే వేడిచేసి నీరు పోగొట్టిన తెల్లపొడి కరిగితే వేడెక్కుతాయి, 66.5 లాభం. చివరికి దొరికేది ఒకే నీలి ద్రావణం. తేడా 78.2 కిలోజౌళ్ళు: తెల్లపొడి ఐదు నీటి అణువులను పట్టుకుని నీలంగా మారినప్పుడు వచ్చే వేడి. దీన్ని కప్పులో నేరుగా కొలవడం కష్టం, ఎందుకంటే సరిగ్గా ఐదు దగ్గర ఆపడం మన చేతిలో లేదు. కరిగే రెండు వేడులు కొలిచి ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే సరి.