ఆ మొహం అడ్డొచ్చిన సినిమా

విజయనగరంలో మా అప్ప ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ఒక సినిమా చూసి రావడం మాకు అలవాటు. పోయిన సంక్రాంతికీ అంతే. గంటస్తంభం దగ్గర టీ తాగి అప్ప, బావ, నేను ఫస్ట్ షోకి వెళ్ళాం. అప్పులపాలై ఊరు విడిచిపోయిన ఒక తండ్రి పదేళ్ళ తర్వాత కూతురి పెళ్ళికి దొంగచాటుగా వస్తాడు. ఆఖరి బంతిలో ఎవరికీ తెలియకుండా కూర్చుంటాడు. కెమెరా అక్కడ ఆ వేషం వేసిన హీరో మొహం చూపించదు. విస్తరి మీద వణికే చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. మంచి సినిమా. అప్ప సగం నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. బావ మాత్రం మాటిమాటికీ ఫోన్లో టైం చూసుకున్నాడు.

బయటికొచ్చాక అడిగితే, "కథ బాగానే ఉందిరా. సెకండాఫ్ సాగదీశాడు. పాటలూ ఏటంత బాలేవు" అన్నాడు.

"అసలు సంగతి చెప్పండి. ఆ హీరో అంటే మీకు మొదట్నుంచీ గిట్టదు" అంది అప్ప.

"ఆడితో నాకేటి పని? సినిమా గురించి చెప్తున్నాను" అన్నాడు బావ.

బావ అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం. అమెరికాలో రిచర్డ్ నిస్బెట్, తిమోతి విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ఒక ప్రయోగం గురించి రాశారు. యూరప్ యాసలో ఇంగ్లీషు మాట్లాడే ఒక మాస్టారి ఇంటర్వ్యూని రెండు రకాలుగా వీడియో తీశారు. ఒకదాంట్లో ఆయన ఆప్యాయంగా మాట్లాడతాడు, రెండోదాంట్లో కటువుగా. మనిషి ఒకడే, రూపం ఒకటే, యాస ఒకటే. మొదటిది చూసిన విద్యార్థులకు ఆ యాస ముచ్చటగా అనిపించింది. రెండోది చూసినవాళ్ళకు అదే యాస చిరాకు తెప్పించింది. ఇంతవరకూ మనమూ ఊహించగలం. ఆయన నచ్చకపోవడం వల్ల యాస నచ్చలేదా అని అడిగితే మాత్రం వాళ్ళు కాదన్నారు. యాస, రూపం, హావభావాలు బాగాలేకే మనిషి నచ్చలేదన్నారు. ముందు పుట్టింది అయిష్టం. కారణాలు దాని వెనకాల వచ్చి ముందువరసలో కూర్చున్నాయి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీని జాడ పట్టుకున్నాడు. సైనికాధికారులు తమ కింది వాళ్ళకి మార్కులు వేస్తే, ఒంటి తీరు బాగున్నవాడికి తెలివికీ నాయకత్వానికీ కూడా మార్కులు ఎక్కువే పడుతున్నాయని గమనించాడు. దీనికి 'హేలో ప్రభావం' అనే పేరు స్థిరపడింది. పటంలో దేవుడి తల వెనక ఉండే వెలుగుచక్రం ఉంది కదా, అదే హేలో. గిట్టని మనిషి విషయంలో వెలుగు బదులు నీడ పడుతుంది. బావకి పాటల మీదా, సెకండాఫ్ మీదా పడింది ఆ నీడే.

పాట నచ్చకపోతే ఆ పాట వరకే నష్టం. హీరో నచ్చకపోతే సినిమా మొత్తానికీ దెబ్బ, ఎందుకంటే కథలో భయం, దిగులు, సంతోషం అన్నీ అతని మీదుగానే మన దాకా వస్తాయి. అతనికి దెబ్బ తగిలితే మనకి చురుక్కుమనాలి. తానియా సింగర్ అనే శాస్త్రవేత్త బృందం లండన్‌లో 32 మందితో దీనికి దగ్గరి సంగతే పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ముందు డబ్బుల ఆట ఆడించారు. అందులో ఒకరు న్యాయంగా ఆడారు, ఒకరు మోసంగా. తర్వాత ఆ ఇద్దరి చేతులకీ నొప్పి కలిగిస్తుంటే, చూసేవాళ్ళ మెదడులో ఏం జరుగుతోందో స్కానర్‌లో చూశారు. న్యాయంగా ఆడినవాళ్ళ నొప్పికి చూసేవాళ్ళ మెదడులోనూ నొప్పికి సంబంధించిన భాగాలు స్పందించాయి. మోసగాడి నొప్పికి మగవాళ్ళలో ఆ స్పందన బాగా తగ్గిపోయింది. ఆడవాళ్ళలో అంత తగ్గలేదు. 32 మందిని చూసి ఆడ, మగ స్వభావాల మీద తీర్పు చెప్పడం నాకిష్టం లేదు. అయిష్టం సానుభూతిని మెదడు స్థాయిలోనే అణిచేయగలదన్నదే ఇక్కడ నాకు ముఖ్యం. ఏడుపు రాని మనిషికి ఏడిపించే సీను ఎంత పొడుగ్గా ఉంటుందో ఆలోచించండి. బావకి సెకండాఫ్ నిజంగానే సాగింది!

మరి ఆ నటుడు బావకి చేసిన ద్రోహం ఏమిటి? ఏమీ లేదు. బావ బొబ్బిలిలో డిగ్రీ చదివేటప్పుడు, ఒక రిలీజ్ రోజున ఫ్లెక్సీ గొడవలో ఆ హీరో అభిమానులు బావ స్నేహితుడి తల పగలగొట్టారట. ఈ సంగతి అప్ప చెప్పింది. అప్పట్నుంచీ తెరమీద ఆ మొహం కనిపిస్తే బావ చూసేది అవతలి గుంపుని.

గుంపు కళ్ళతో చూస్తే ఏమవుతుందో 1954లో హాస్టార్ఫ్, క్యాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య గొడవగా జరిగిన ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ వేశారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు వాళ్ళ సొంత విద్యార్థులకి కనిపించినవాటికి రెట్టింపు పైగా ప్రిన్స్‌టన్ వాళ్ళకి కనిపించాయి. బొమ్మ ఒకటే.

పాత్ర మీద కోపం వేరు. గురజాడ వారు బతికిన ఊళ్ళో ఉంటూ గిరీశాన్ని తలుచుకోకుండా ఎలా? కోతలు కోస్తాడు, మోసం చేస్తాడు, అయినా అతను మాట్లాడుతుంటే వదలబుద్ధి కాదు. అతన్ని నమ్మమని ఆ నాటకం మనల్ని అడగదు. హీరో సినిమా మాత్రం 'ఇతన్ని ప్రేమించు' అంటుంది, మనసు ససేమిరా అంటుంది. అదే నటుడు విలన్‌గా వేస్తే బావ హాయిగా చూస్తాడని నా అంచనా.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర బావ ఇడ్లీ తుంచుతూ ఆగాడు.

"ఆ తండ్రి చెయ్యి వణుకుతాది చూడు, బంతిలో. ఆ ముద్ద తిన్నాడంటావా, లేచిపోయాడంటావా?" అన్నాడు.

అప్ప నావైపు చూసింది. "తిన్నాడండీ" అంది.