తల్లి రొయ్యకి క్వారంటైన్ ఉంది, మరి ఓడ అడుగుకి?

గోదావరి జిల్లాల్లో చెరువులు చేసేవాళ్లకి వెనామీ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అది మన రొయ్య కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. 2009లో దాని సాగుకి అనుమతి ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. విదేశాల నుంచి విమానంలో దిగే తల్లి రొయ్యలు నేరుగా హేచరీకి వెళ్లకూడదు, ముందు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి, పరీక్షల్లో జబ్బు లేదని తేలాకే బయటికి రావాలి. తొంభైల్లో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యని ఎలా ఊడ్చేసిందో చూసిన రైతుకి ఆ జాగ్రత్త ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కాకినాడ తీరానికి వెళ్లి సముద్రం వైపు చూడండి. దూరంగా లంగరేసిన ఓడలు, వాటి దగ్గరికి బియ్యం బస్తాలతో వెళ్లే బార్జీలు కనిపిస్తాయి. ఆ ఓడ మన దగ్గరికి రాకముందు ఆఫ్రికా రేవులో ఉందో, ఇండోనేషియాలో ఉందో, ఎన్ని వారాలు కదలకుండా నిలబడిందో మనకి తెలీదు. నీటి కింద దాని అడుగుకి అంటుకుని గుల్లలు, నాచు, పురుగులు, వాటి సందుల్లో పీతలు కూడా సముద్రాలు దాటి వస్తుంటాయి. ఆ జీవాలకి ఏ నీలాంకరై లేదు.

పడవకి ఇలా పట్టే సంగతి మనకి కొత్త కాదు. తాళ్లరేవు దగ్గర ఒడ్డుకి లాగిన ఒక పడవ అడుగుని ఒకాయన గోకుతుంటే చాలాసేపు నిలబడి చూశాను. "ఇన్ని ఎప్పుడు పట్టేశాయి బాబాయ్?" అని అడిగితే, "రెండు నెలలు కట్టేసుంచితే చాలండి, ఇక డీజిల్ తాగేత్తది, బండి లాగదు" అన్నాడు. శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చెప్పే మాట కూడా అదే. అర మిల్లీమీటరు మందం పాకుడు ఓడ అడుగున సగం మేర పట్టినా, దాని పొగలో కర్బన ఉద్గారాలు 20 శాతానికి పైగా పెరగొచ్చని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంవో) 2021లో విడుదల చేసిన అధ్యయనం చెప్పింది. గుల్లలు కూడా పడితే ఆ భారం ఇంకా ఎక్కువ.

ఇది ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. శుభ్రమైన ఇనుప రేకుని సముద్రంలో ముంచితే నిమిషాల్లోనే నీటిలోని ప్రోటీన్లు, చక్కెరలు దాని మీద పల్చని పొరలా అంటుకుంటాయి. కొన్ని గంటల్లో బాక్టీరియా దిగి జిగురు స్రవిస్తుంది, దాని మీద కంటికి కనపడని డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు చేరుతుంది, అప్పటికి చేత్తో తడిమితే జారుతుంది. మనం పాకుడు అనేది దాన్నే. ఆ తర్వాత వచ్చేవి పిల్ల జీవులు. బార్నకిల్ అనే ప్రాణి (రాయికి, మడ వేరుకి, పడవకి గట్టిగా అతుక్కుని చిన్న గోపురంలా ఉండే తెల్లటి గుల్ల ఇదే, చార్లెస్ డార్విన్ ఎనిమిదేళ్లు దీన్నే చదివాడు) పిల్లగా ఉన్నప్పుడు ఈదుతుంది, చివరి దశలో తిండి మానేసి, తన చిన్న కొమ్ములతో అడుగులేస్తూ చోటు వెతుక్కుంటుంది, నచ్చితే తలని అక్కడే జిగురుతో అతికించుకుని జన్మంతా కదలదు. పాకుడు దశలో తుడిస్తే మెత్తటి గుడ్డ చాలు. గుల్ల కట్టాక గోకాలి, గోకితే రంగు కూడా ఊడి వస్తుంది.

అలా వచ్చిన అతిథి ఇంటిమనిషై కూర్చున్న కథ మన రాష్ట్రంలోనే ఉంది. కరీబియన్ ప్రాంతానికి చెందిన మైటిలాప్సిస్ సల్లై అనే చిన్న ఆల్చిప్ప, మహా అయితే అంగుళం పొడవు, 1967 ప్రాంతంలో విశాఖ హార్బర్‌లో బయటపడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి గారు, ఆయన సహచరులు దాన్ని గుర్తించి 1971లో ప్రచురించారు. అది గుత్తులు గుత్తులుగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది, నెల తిరక్కముందే పిల్లల్ని పెట్టే వయసుకొస్తుంది. మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సిందేంటంటే, దాదాపు మంచినీటిలోనూ, సముద్రం కంటే ఉప్పగా ఉన్న నీటిలోనూ బతకగలదు.

ఈ చివరి లక్షణం డెల్టాకి ఎందుకు పెద్ద విషయమో చెప్తాను. సముద్రంలో పుట్టిన చాలా గుల్లలకి మంచినీరు పడదు, అందుకే పాతకాలంలో ఓడని నదిలోకి తెచ్చి నిలబెడితే అడుగున పట్టినవి వాటంతటవే చచ్చి రాలిపోయేవి. మన కాకినాడ అఖాతంలో కూడా వానాకాలం గౌతమి వరద దిగేసరికి ఉప్పు పడిపోతుంది, ఎండాకాలం మళ్లీ పెరుగుతుంది. బయటివాళ్లని అడ్డుకునే సహజమైన కాపలా అది. ఉప్పు మార్పుని లెక్కచేయని జీవి వచ్చిందంటే ఆ కాపలా పనిచేయదు, అదే నీరు దానికి పోటీ లేని చోటవుతుంది. అక్కడ ఉన్నవి ఏంటంటే బుడిత గుల్లలు, కోరంగి మడ అడవుల వేర్లు, ఆ వేర్ల మధ్య పెరిగే రొయ్య పిల్లలు, పీతలు. గుల్లలు ఏరుకుని బతికే కుటుంబాలు ఈ అఖాతం చుట్టూ ఉన్నాయి. కాలవల్లో గుర్రపుడెక్క ఏం చేసిందో కళ్లారా చూసినవాళ్లం మనం, అది కూడా దక్షిణ అమెరికా మొక్కే. కాకపోతే గుర్రపుడెక్క నీటి మీద కనిపిస్తుంది. ఆల్చిప్ప అడుగున పరుచుకుంటుంది, కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. దక్షిణ అమెరికాదే మైటెల్లా స్ట్రిగాటా అనే మరో ఆల్చిప్ప కేరళలో అష్టముడి సరస్సులో పాతుకుపోయింది, చెన్నై పక్కన ఎన్నూరు, పులికాట్ నీళ్లలోనూ చేరింది. నది అడుగుని చాపలా కప్పేస్తోందని, రొయ్య బురదలోకి దూరడానికి చోటు లేకుండా పోయిందని ఎన్నూరు జాలర్లు మొత్తుకున్నారు. ఆ పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది.

వచ్చాక తీసేయలేమా అంటే, తీసేసిన ఒక ఉదాహరణ ఉంది. విశాఖలో పాతుకుపోయిన అదే నల్లచారల ఆల్చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో పడవలు నిలిపే మూడు మెరీనాల్లో కనిపించింది. వాళ్లు వెంటనే మెరీనాల గేట్లు మూసేసి, నీళ్లలో క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపి, సుమారు నాలుగు వారాల్లో అందులో ఉన్న జీవాన్నంతా చంపి మరీ దాన్ని వదిలించుకున్నారు. అక్కడ పోటు పాట్లు ఎక్కువ కాబట్టి మెరీనాలకి తలుపులున్నాయి, అదృష్టం. కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ అనే ఇసుక తిన్నె అడ్డం తప్ప ఏ తలుపూ లేదు. అందుకే ఇక్కడ ముందే ఆపడం ఒక్కటే దారి.

ఓడవాళ్లు అడుగుకి రంగు వేస్తారు. ఆ రంగులో రాగి కొద్దికొద్దిగా కరుగుతూ పిల్ల గుల్లల్ని రానివ్వదు. రాగి పని పాతదే, 1761లోనే బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకులు కొట్టి చూసింది. ఇరవయ్యో శతాబ్దంలో ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం కలిపిన రంగులొచ్చాయి, బ్రహ్మాండంగా పనిచేశాయి. కానీ ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అఖాతంలో పెంచే ఆయిస్టర్ల పెంకులు వంకరపోయాయి, పిల్లలు బతకడం మానేశాయి, ఇంకొన్ని చోట్ల ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచాయి. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2008లో అమల్లోకి వచ్చాక ఆ రంగులు పోయాయి. గుల్లల మీద బతికే మనలాంటి తీరం ఈ పాఠాన్ని మర్చిపోకూడదు, ఓడని కాపాడే విషం అఖాతాన్ని చంపకూడదు. ఇప్పుడు సిలికాన్ రంగులు కూడా ఉన్నాయి, విషం లేకుండా నున్నగా ఉంటాయి, ఓడ వేగంగా కదిలితే పట్టింది జారిపోతుంది. లంగరేసి రోజుల తరబడి ఆగితే మాత్రం వాటి బలం తగ్గుతుంది.

అసలు గుట్టు మూలల్లో ఉంది. ఇంజిన్ చల్లబరచడానికి సముద్రపు నీరు పీల్చే జాలీ పెట్టె ఒకటుంటుంది, సీ చెస్ట్ అంటారు. అందులోనూ, చుక్కాని సందుల్లోనూ, నీళ్లు తోడేసి మరమ్మతు చేసే డ్రైడాక్‌లో ఓడని దిమ్మెల మీద కూర్చోబెట్టినప్పుడు రంగు అందని మచ్చల్లోనూ జీవాలు హాయిగా పెరుగుతాయి. పైకి అడుగంతా తళతళలాడుతున్నా ఆ పెట్టెలో పీతలతో సహా ఒక చిన్న అఖాతం ఉండొచ్చు. నెమ్మదిగా కదిలేవి, ఒకేచోట నెలలు నిలిచేవి ఇంకా ప్రమాదం: డ్రెడ్జర్లు, బార్జీలు, చమురు రిగ్గులు. మన కేజీ బేసిన్‌లో వాటికి కొదవ లేదు.

ఓడ నిలకడ కోసం ఒక రేవులో నింపుకుని ఇంకో రేవులో వదిలే బలాస్ట్ నీటి మీద 2004లో ఒప్పందం కుదిరి 2017 నుంచి అమల్లో ఉంది. ఓడ అడుగు విషయంలో ఐఎంవో 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటిని గట్టిగా సవరించింది. ప్రతి ఓడకీ ఒక ప్రణాళిక, ఒక రికార్డు పుస్తకం ఉండాలి, అడుగుని క్రమం తప్పకుండా చూడాలి, పాకుడు దశలోనే తుడవాలి, గుల్లలు కట్టాక నీళ్లలో గోకాల్సి వస్తే రాలినదాన్ని పీల్చి పట్టుకునే యంత్రంతోనే గోకాలి. అయినా ఇవి స్వచ్ఛందమే. న్యూజిలాండ్ 2018 నుంచి శుభ్రమైన అడుగుతో వస్తేనే రానిస్తోంది. చట్టబద్ధమైన ఒప్పందం తయారు చేయాలని ఐఎంవోలో 2025లో నిర్ణయించారు, అది రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు లంగరేసే ఓడ రికార్డు పుస్తకం చూడమని మన రేవుల్ని అడగొచ్చు, వెనామీకి అడిగినట్టే.

మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. పెద్ద ఓడ నుంచి రేవులో దిగిన జీవి అక్కడి నుంచి కాలవల్లోకి వెళ్లేది మన పడవల మీదే. తాళ్లరేవు బాబాయ్ గోకిన గుల్లలు ఒడ్డు అంచున పడుతుంటే పోటు వచ్చి వాటిని మళ్లీ నీళ్లలోకి లాక్కెళ్లింది, అందులో బతికున్నవి కొన్ని ఉండే ఉంటాయి. పడవని పోటు అందనంత పైకి లాగి, కింద పాత టార్పాలిన్ పరిచి, గోకిందంతా ఎండలో బాగా ఎండేదాకా ఉంచి, ఒడ్డుకి దూరంగా పాతిపెడితే చాలు. ఆ మాట చెప్తే ఆయన చేతిలో గోకుడు కత్తి ఆపి, "అలాగైతే రేపటి నుంచి పైకే లాగుదామండి, ఒక మనిషి ఎక్కువ కావాలంతే" అన్నాడు.