కొలిమిలో ఒక కత్తి పెడితే రెండెందుకొచ్చాయి? గేమ్ క్రాఫ్టింగ్, గ్లిచ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు వనస్థలిపురం నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, గేమ్ కొత్త అప్‌డేట్‌లో మంత్రదండం తయారీ తొమ్మిదిసార్లు ఫెయిలైంది. పది శాతం ఛాన్స్ అని రాసుంది. ఇంకొక్కసారి చేస్తే గ్యారంటీ కదా? సామాన్లకి ఫ్రెండ్ దగ్గర గేమ్ బంగారం అప్పు తీసుకుంటున్నా" అన్నాడు. ఆగరా బాబూ, ముందు నేను చెప్పేది విను అన్నాను. వాడికి చెప్పిన మాటలతోనే ఇది మొదలుపెడుతున్నాను.

నేను గచ్చిబౌలిలో ఒక స్టూడియోలో తొమ్మిదేళ్లుగా గేమ్ టెస్టర్‌ని. అందులో ఆరేళ్లు ఒకే ఫాంటసీ ఆన్‌లైన్ గేమ్ మీద, అందులోనూ ఎక్కువగా క్రాఫ్టింగ్ మీద పనిచేశాను. క్రాఫ్టింగ్ అంటే తెలియనివాళ్లకు: గనిలో ఇనుము తవ్వి, అడవిలో మూలికలు ఏరి, కొలిమి దగ్గర నిలబడి కత్తులు, కవచాలు, మందులు సొంతంగా తయారు చేసుకోవడం. రాక్షసుల్ని చంపడం కంటే దీని మీదే ఎక్కువ ప్రేమ ఉన్న ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. నాకూ అదే ఇష్టం.

అపోహ: పది శాతం ఛాన్స్ అంటే పదిసార్లలో ఒకసారి తప్పకుండా వస్తుంది.

రాదు. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది. ముందు తొమ్మిదిసార్లు ఫెయిలైన సంగతి పాచికకు గుర్తుండదు. పదిసార్లు చేస్తే కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 65 శాతం. అంటే వందమంది పదేసిసార్లు ప్రయత్నిస్తే దాదాపు 35 మంది ఖాళీ చేతులతోనే మిగులుతారు. ఇరవైసార్లు చేసినా 88 శాతమే. మావాడి తొమ్మిది ఫెయిల్యూర్లలో గ్లిచ్ (గేమ్ తప్పుగా నడవడం) ఏమీ లేదు, కుట్ర అంతకన్నా లేదు.

అయితే ఆటగాళ్ల అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. కొన్ని గేముల్లో తప్పినకొద్దీ ఛాన్స్ నిజంగానే పెరుగుతుంది. వార్‌క్రాఫ్ట్ 3, డోటా 2ల్లో కొన్ని శక్తులకు ఇలాంటి లెక్కే వాడారు. మీ గేమ్‌లో ఏది వాడారో ఆ వస్తువు వివరణ చదివితేనే తెలుస్తుంది. పక్క గేమ్ రూల్ ఇక్కడ పనిచేయదు.

అసలు ఈ అదృష్టం గొడవ పెద్ద కంపెనీలకూ తలనొప్పే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2022 నవంబరులో డ్రాగన్‌ఫ్లైట్ అనే కొత్త భాగంతో క్రాఫ్టింగ్‌ను దాదాపు కొత్తగా కట్టింది. తయారు చేసే వస్తువులకు నాణ్యత మెట్లు పెట్టింది. ఒక్కో వృత్తిలో ప్రత్యేక నైపుణ్యం ఎంచుకునే వీలిచ్చింది. అన్నిటికంటే నాకు నచ్చింది ఆర్డర్ల పద్ధతి. బట్ట మనమే తీసుకెళ్లి దర్జీకిచ్చి, కుట్టుకూలి ఇచ్చినట్టే! వేరేవాళ్లకు ఇవ్వడానికి వీల్లేని సామాన్లు కూడా ఆ ఆర్డర్‌లో పెట్టి, పనితెలిసినవాళ్లతో చేయించుకోవచ్చు. కానీ నాణ్యత ఒక మెట్టు పైకి దూకడాన్ని మొదట్లో అదృష్టానికి వదిలారు. ఆటగాళ్లు విసిగిపోయారు. 2024 ఆగస్టులో వచ్చిన ద వార్ వితిన్ అనే తర్వాతి భాగంలో దాన్ని తీసేసి, ఏకాగ్రత అనే నిల్వ పెట్టారు. ఎప్పుడు ఖర్చు పెట్టాలో ఆటగాడే తేల్చుకుంటాడు. పాచిక నుంచి పొదుపుకు మారడం అన్నమాట. నా దృష్టిలో ఇది మంచి మార్పు.

అపోహ: కొత్త ఫీచర్‌ని సరిగా టెస్ట్ చేయకుండా వదిలారు, అందుకే గ్లిచ్‌లు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

ఇన్నేళ్లలో నేను చూసిన వింత గ్లిచ్‌లలో చాలావాటికి కొత్త ఫీచర్ ఒక్కటే కారణం కాదు. కొత్తది బాగానే పనిచేస్తుంది, పాతదీ బాగానే పనిచేస్తుంది. రెండూ కలిసే అతుకు దగ్గర నీళ్లు కారతాయి.

రన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో 2006లో జరిగింది చూడండి. మే 31న ఇళ్లు కట్టుకునే కన్‌స్ట్రక్షన్ నైపుణ్యం వచ్చింది. ఇంట్లో కుర్చీలు, బల్లలతోపాటు కుస్తీ బరి కూడా కట్టుకోవచ్చు. ఆ బరిలో ఆటగాళ్లు ఒకరినొకరు కొట్టుకోవచ్చు, బయట వీధిలో కుదరదు. జూన్ 6 నాటికి ఒకాయన అందరికంటే ముందు ఆ నైపుణ్యంలో 99వ లెవెల్ చేరాడు. ఇంట్లో పార్టీ పెట్టాడు. జనం ఎక్కువై ఆట లాగ్ అవుతుంటే (నత్తనడక నడుస్తుంటే) అందరినీ ఇంట్లోంచి బయటికి పంపేశాడు. బరిలో ఉన్న కొందరికి మాత్రం కొట్టే అనుమతి ఒంటికి అంటుకునే ఉండిపోయింది. వాళ్లలో ఒకడు ఫలడార్ నగరంలో సుమారు గంటసేపు కనపడినవాళ్లనల్లా చంపి సామాన్లు దోచుకున్నాడు. అవతలివాళ్లు తిరిగి కొట్టలేరు, ఎందుకంటే వాళ్లకు ఆ అనుమతి లేదు. ఇళ్లు కట్టడం తప్పు కాదు, కుస్తీ తప్పు కాదు. బరిలోంచి నడిచి బయటికొస్తే అనుమతి పోతుంది. ఇంటి యజమాని గెంటేస్తే పోలేదు. చూడాల్సిన తలుపు అదొక్కటే!

అంతకుముందు ఏడాది, 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో వచ్చిన రక్తపు జబ్బు కథా ఇదే. జుల్‌గురుబ్ అనే పాడుబడ్డ నగరంలో ఒక రాక్షసుడు అంటించే జబ్బు ఆ పోరాటం వరకే ఉండాలి. వేటగాళ్ల పెంపుడు జంతువులు జబ్బుతో ఉండగానే వాటిని మాయం చేసి, జనం ఉండే నగరాల్లోకెళ్లి మళ్లీ పిలిచారు. జబ్బూ వాటితోపాటే వచ్చింది. బజారులో ఎముకల గుట్టలు పడ్డాయి. జనం ఎలా పారిపోయారో, ఎవరు సాయానికి వెళ్లారో గమనించిన పరిశోధకులు 2007లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వ్యాసమే రాశారు.

మరి టెస్టర్లు అన్ని అతుకులూ ఎందుకు చూడరు? మా బల్ల మీది షీట్ లెక్క చెప్తాను. ఒక అప్‌డేట్‌లో 60 కొత్త రెసిపీలు వచ్చాయి. ఒక్కోదానికి 5 నాణ్యతలు, అంటే 300. సామాన్లు నాలుగు చోట్ల నుంచి రావచ్చు: బ్యాగు, బ్యాంకు, గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) ఖజానా, ఆర్డర్. 1,200 అయ్యాయి. బ్యాగు ఖాళీగానో, ఒక గడి మిగిలో, పూర్తిగా నిండో ఉండొచ్చు. 3,600. నెట్ బాగున్నప్పుడు, నెమ్మదిగా ఉన్నప్పుడు, మధ్యలో తెగినప్పుడు. 10,800. ఒక్కోటి రెండు నిమిషాల్లో చూసినా ఒక మనిషికి 360 గంటలు, అంటే తొమ్మిది వారాల పని. మాకు ఇచ్చింది మూడు వారాలు, మనుషులు ఇద్దరు. ఏవి ముఖ్యమో ఎంచుకుని చూస్తాం. విడుదల రోజు సాయంత్రం లక్షమంది పదేసి వస్తువులు చేస్తే పది లక్షల ప్రయత్నాలు అవుతాయి. లక్షలో ఒకసారి వచ్చే తప్పు మాకు మూడు వారాల్లో కనపడదు, ఆ సాయంత్రానికే పదిసార్లు కనపడుతుంది.

అపోహ: బంగారం డూప్ అయిందంటే (ఉన్నదానికి నకళ్లు పుట్టాయంటే) ఎవరో హ్యాకర్ చేశాడు.

హ్యాకింగ్ కేసులూ ఉంటాయి. కానీ పేరుమోసిన డూపులు కొన్ని వట్టి లెక్కల తప్పులు. పాత స్కూటర్ మీటర్ 99,999 దాటితే సున్నాలకు తిరిగేది గుర్తుందా? కంప్యూటర్ గడికీ అలాంటి హద్దుంటుంది. చాలాచోట్ల ఆ హద్దు 2,147,483,647. అది దాటితే సంఖ్య తలకిందులై మైనస్‌లోకి పోవచ్చు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కొన్నేళ్లపాటు ఒకరి దగ్గర ఉండగల బంగారం హద్దు 214,748 బంగారు, 36 వెండి నాణేలు, పైన కొన్ని రాగి నాణేలు. అంకెలు పక్కపక్కన పెట్టి చదవండి, పైన చెప్పిన సంఖ్య మొదలే కనపడుతుంది. డబ్బంతా రాగి నాణేల్లోనే లెక్కపెట్టేవారు.

డయాబ్లో 3లో 2013 మేలో ఇదే హద్దు మీద కాలు జారింది. ఆక్షన్ హౌస్‌లో (ఆటగాళ్ల వేలం బజారులో) బంగారం కట్టలుగా అమ్మేవారు. అప్పటిదాకా కట్టకు 10 లక్షలు, 1.0.8 ప్యాచ్ అనే సవరణలో దాన్ని కోటికి పెంచారు. పెద్ద పెద్ద మొత్తాలు పెట్టడం తేలికైంది. హద్దు దాటేంత బంగారం అమ్మకానికి పెట్టి రద్దు చేసుకుంటే, పోయినదాని కంటే ఎక్కువ తిరిగొచ్చింది. మార్చింది ఒక్క అంకె. ఆ కథ తెలిసినప్పటినుంచి మా టీమ్‌లో ఎవరైనా "చిన్న మార్పే, హద్దు పెంచాం అంతే" అంటే పరీక్షించడానికి ముందు ఆ మార్పు టికెట్టే (పని చీటీనే) తీస్తాను.

అపోహ: నా నెట్ ఫాస్ట్, కాబట్టి లాగ్ అంతా సర్వర్ తప్పే.

నెట్ వేగం వేరు, దూరం వేరు. మీ గేమ్ సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు గీత గీసినట్టు లెక్కేసినా సుమారు 3,300 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 33 మిల్లీసెకన్లు. కేబుల్ సూటిగా ఉండదు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువ. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా ఇది తగ్గదు.

ఈ మధ్యలో ఉండే సందులోనే వింతలు పుడతాయి. న్యూ వరల్డ్ అనే ఆన్‌లైన్ గేమ్ వచ్చిన కొత్తలో, 2021 అక్టోబరులో, గేమ్ విండోను మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే ఆ ఆటగాడికి దెబ్బ తగిలేది కాదు. లాగుతున్నంతసేపు అతని కంప్యూటర్ సర్వర్‌కు ఏమీ చెప్పదు, సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయేది.

అపోహ: గ్లిచ్ కనిపెట్టినవాడిదే. వాడుకుంటే తప్పేముంది?

తప్పే. బంగారం రెట్టింపైతే మార్కెట్‌లో ధరలు కొండెక్కుతాయి. నెలరోజులు గని తవ్వినవాడి కష్టం ఒక్క రాత్రిలో విలువ లేకుండా పోతుంది. 2021 నవంబరులో ఇదే న్యూ వరల్డ్‌లో డూప్ బయటపడితే ఆటగాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ కొన్నాళ్లు ఆపేయాల్సొచ్చింది. ఏ పాపం తెలియనివాళ్లు కూడా ఒక మందుసీసా అమ్ముకోలేకపోయారు. అనుకోకుండా ఒకసారి జరిగితే ఎవరూ ఏమీ అనరు. తెలిసి పదేపదే చేస్తే బ్యాన్ అవుతుంది. సర్వర్ రాసుకునే రికార్డులో అన్నీ ఉంటాయి.

అపోహ: రిపోర్ట్ పంపినా ఎవరూ చదవరు.

చదువుతాం. నేను చదివాను కాబట్టి చెప్తున్నాను.

రెండేళ్ల కిందట మా గేమ్‌లో ఒక చిన్న సౌకర్యం పెట్టాం. కొలిమిలో చేసిన వస్తువుకు బ్యాగులో చోటు లేకపోతే అది పోస్టుపెట్టెలోకి వెళ్తుంది. అంతకుముందు "చోటు లేదు" అని ఆగిపోయేది. అందరికీ నచ్చింది. పది రోజుల తర్వాత ఎల్బీనగర్ నుంచి ఒక ఇంటర్ కుర్రాడి మెయిల్ వచ్చింది. "సార్, కత్తి ఒకటి చేస్తే రెండొస్తున్నాయి. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రమే వస్తున్నాయి."

అర్థం కాలేదని మా టీమ్‌లో ఒకరు పక్కన పెట్టారు. నాకు మాత్రం ఆ రెండో వాక్యం మనసులోంచి పోలేదు. తిరిగి రాశాను: ఏ టైమ్‌కి, ఏ ఫోన్‌లో, బ్యాగులో ఏముంది, తిరిగి గేమ్‌లోకి రాగానే ఏం కనపడింది? అన్నీ ఓపిగ్గా రాశాడు. ట్యూషన్ నుంచి వస్తూ బస్సులో ఆడతాడు. ఏడింటికల్లా బ్యాగు నిండిపోతుంది. సరిగ్గా అప్పుడే అమ్మ "ఎక్కడున్నావురా" అని ఫోన్ చేస్తుంది.

ఆ సాయంత్రం రెండు ఫోన్లు బల్ల మీద పెట్టుకున్నాను. ఒకదాంట్లో బ్యాగు నింపి, కొలిమి బటన్ నొక్కి, రెండోదాంతో కాల్ చేశాను. గేమ్ వెనక్కి పోయింది. కాల్ కట్ చేసి తిరిగొచ్చాను. ఆరుసార్లు ఏమీ జరగలేదు. ఏడోసారి సుత్తి దెబ్బ చప్పుడు మొదలైన వెంటనే కాల్ కలిపాను. పోస్టుపెట్టె మీద రెండు అంకె వెలిగింది. తెరిస్తే ఒకేలాంటి కత్తులు రెండు, ఒకదాని కింద ఒకటి.

జరిగింది ఇదీ. కాల్ వచ్చినా సర్వర్ తన పని ముగించి కత్తిని పోస్టుపెట్టెకు పంపింది. మూడేళ్ల కిందట రాసిన పాత కోడ్ ఒకటుంది, ఆటగాడు తిరిగి రాగానే సగంలో ఆగిన పనులు చూస్తుంది. దానికి బ్యాగులో వెతకడం తెలుసు, పోస్టుపెట్టె సంగతి తెలియదు. కత్తి కనపడలేదు కాబట్టి పని పూర్తి కాలేదనుకుని, సామాన్లు ముందే తీసుకున్నాం కదా అని మళ్లీ అడక్కుండా ఇంకోటి చేసిచ్చింది. బ్యాగు నిండినప్పుడు మేం చూశాం. కాల్ వచ్చినప్పుడూ చూశాం. రెండూ కలిపి చూడలేదు.

సరిచేయడానికి సగం పూట పట్టింది. తర్వాతి ప్యాచ్ నోట్స్‌లో ఒక్క లైను వచ్చింది: "బ్యాగు నిండి ఉన్నప్పుడు వస్తువు రెండుసార్లు రావడాన్ని సరిచేశాం." ఆ కుర్రాడికి విడిగా మెయిల్ రాసి థాంక్స్ చెప్పాను. అదనంగా వచ్చిన కత్తుల్లో ఒక్కటీ అమ్మలేదట, అన్నీ బ్యాంకులో పక్కకు పెట్టాడట. "వెనక్కి ఇచ్చేస్తాను సార్, కానీ రెంటిలో అసలు కత్తి ఏదో నాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. ప్రతి వస్తువుకూ సర్వర్‌లో ఒక నంబరు ఉంటుంది. చూసి, తర్వాత పుట్టినవాటిని తీసేశాం. మొదటివి అతని దగ్గరే ఉన్నాయి.