కాళ్లకు నీరు దిగిన ఆకలి: నెదర్లాండ్స్, 1944–45

1944 సెప్టెంబర్ 17న, లండన్‌లో తలదాచుకున్న డచ్ ప్రభుత్వం పిలుపుతో రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దానికి ప్రతీకారంగా జర్మన్ ఆక్రమణాధికారులు దేశపు పశ్చిమ ప్రాంతానికి తిండి రవాణా ఆపేశారు. నవంబర్‌లో పడవల మీద తెచ్చుకోనిచ్చారు గానీ, ఆ చలికి కాలువలు గడ్డకట్టుకుపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్‌లలో నవంబర్ చివరికే రేషన్ రోజుకు వెయ్యి కెలోరీల కిందకు పడింది. ఫిబ్రవరి చివరికి ఆరు వందల దగ్గరికి వచ్చింది. పెద్దవాళ్లకు కావలసిన దాంట్లో అది మూడో వంతు కూడా కాదు. దాదాపు 20 వేల మంది చనిపోయారు. వారిలో వృద్ధులు, ముఖ్యంగా మగవాళ్లు ఎక్కువ.

జనం చక్కెర దుంపలతో పాటు తులిప్ దుంపలు కూడా తిన్నారు. పైన ఉండే గోధుమరంగు పొర ఒలిచి, దుంపను నిలువునా రెండుగా కోసి, నడిమధ్యనున్న పసుపు మొలకను తీసిపారేయాలి. విషం ఉండేది అందులోనే అని వండేవాళ్లకు చెప్పేవారు. మిగిలింది పిండిపదార్థమే, ఉడికించుకోవచ్చు. అయితే గ్యాసు, కరెంటు లేని ఊళ్లో ఉడికించడమే పెద్ద పని. పొయ్యిలోకి ట్రాము పట్టాల మధ్యనున్న చెక్క దిమ్మెలను సైతం పెకలించుకుపోయారు. సబ్బు లేదు, వేడినీళ్లు లేవు. గజ్జి, పేలు ఇంటింటా పాకాయి.

ఆకలి జబ్బు బక్కచిక్కిన ఒంట్లోనే ఉంటుందనుకుంటే పొరపాటు. చాలామందికి కాళ్లకు నీరు దిగింది. మోకాలి కింద కాలి ముందు భాగం మీద వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోతుంది. నీటి బరువు కలిసినందువల్ల తూకం కూడా మోసం చేస్తుంది. కండ కరిగిపోతున్నా ముల్లు అంతగా దిగదు.

అన్నిటికన్నా ప్రమాదం తిండి దొరికిన తొలిరోజుల్లోనే. పస్తులున్న ఒళ్లు కొవ్వును కరిగించుకుని బతుకుతుంది. ఆలోగా కణాల్లోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం తరిగిపోతాయి. రక్తపరీక్షలో మాత్రం లోటు కనిపించకపోవచ్చు. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన ఆ కాస్త ఫాస్ఫేట్‌నూ కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు సత్తువ కోల్పోతాయి. అందుకే ఇప్పుడు ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. ఆ తర్వాత కిలో బరువుకు రోజుకు 10 కెలోరీలతో, మరీ క్షీణించినవాళ్లకు 5తో మొదలుపెట్టి, లవణాలను రోజూ కొలుస్తూ వారం రోజుల్లో మెల్లగా పెంచుతారు. 1945లో సహాయ బృందాలు ముందే జీర్ణం చేసి ఉంచిన ప్రొటీన్ ద్రావణాలు వెంట తెచ్చాయి. వాటి రుచిని రోగులు భరించలేకపోయారు. మింగగలిగినవాళ్లకు కొద్దికొద్దిగా తాగించిన వెన్న తీసిన పాలే మేలు చేశాయి.

ఈ కరువు మొదలైన నెల, ముగిసిన నెల స్పష్టంగా తెలుసు. కాబట్టి ఏ బిడ్డ గర్భంలో ఎన్నో నెలలో ఆకలి చూసిందో లెక్కగట్టగలిగారు. చివరి నెలల్లో చూసినవాళ్లు తక్కువ బరువుతో పుట్టారు. తొలి నెలల్లో చూసినవాళ్లు మామూలు బరువుతోనే పుట్టారు, కానీ పెద్దయ్యాక వాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. గర్భం దాల్చిన సమయంలోనే ఆకలి తాకినవాళ్లలో ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు (జన్యువు పనితీరును అదుపు చేసే రసాయన గుర్తులు), కరువు తాకని తోబుట్టువులకన్నా తక్కువగా ఉన్నట్టు 2008లో తేలింది. అప్పటికి వాళ్లకు అరవై ఏళ్లు దాటాయి.